పదకొండు గంటల కబురు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 2025 డిసెంబర్ 17న మట్టెవాడలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు. 1982 డిసెంబర్ 17. పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చే భిక్ష కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం వేరు. ఈ ఏడాది జనవరిలో మేము కొందరం సైకిళ్ల మీద మేడారం పోయివచ్చాం కదా, దారిలో ఆపద వస్తే ఏం చేయాలని ముందుగా ఆలోచించుకున్నారో, తీరా వచ్చినప్పుడు ఏం చేశారో చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను వక్తను కాను. తంతి, టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, స్తంభాలెక్కి దిగి, అరవై నిండగానే ఇంటికి వచ్చినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి. ఎట్లాగూ ఈ కథలో పెద్ద తప్పు నాదే.

ముందు ఎవరెవరం పోయామో చెప్తాను. పేర్లు చెప్పను, ఇక్కడ అందరికీ ఎరుకే. ముందు వరుసలో కూర్చుని నవ్వుతున్న హెడ్మాస్టరు గారు, ట్రెజరీ సారు, ఆర్టీసీ కండక్టర్ సారు, నేను, మా మనవడు. మొత్తం ఐదుగురం. మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మిగతా నలుగురి వయసు కలిపితే 280 దాటుతుంది.

సైకిలు మాకు కొత్త కాదు. ములుగు అవతలి అడవి లైన్ల మీద నేను ఉద్యోగం చేసిన రోజుల్లో శాఖ ఇచ్చిన వాహనం రెండు కాళ్లూ ఒక సైకిలే. హెడ్మాస్టరు గారు పదకొండేళ్లు ఊరి బడికి సైకిలు మీదనే పోయి వచ్చారు. మట్టెవాడ సందుల్లో ఇప్పటికీ కూరగాయలకు, మందులకు సైకిలు తీసేవాళ్లం. అయితే మందుల దుకాణానికి పోవడం వేరు, వంద కిలోమీటర్ల దూరం పోవడం వేరు అని మా ఇళ్లలో గట్టిగా అన్నారు.

మా ఆవిడను ఒప్పించడానికి నేనొక కథ చెప్పాను. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు, 1928లో ముగ్గురు యాత్ర ముగించుకుని తిరిగి వచ్చారు అని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మరి తక్కిన ముగ్గురేమాయె?" అన్నది. వాళ్లు మధ్యలో విరమించుకున్నారు, ప్రాణాలకేం కాలేదు అని చెప్పినా ఫలితం లేకపోయింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశాం, మళ్లీ నవంబరు దాకా ప్రభుత్వం లెక్కలో బతికే ఉంటాం అని హాస్యమాడాను. ఆమె నవ్వలేదు. "ఫ్యామిలీ పెన్షన్ నాకొద్దు" అని లేచి లోపలికి పోయింది.

ఇంకో అడ్డంకి కూడా వచ్చింది. మేము అసలు అనుకున్నది 2024 డిసెంబర్ మొదటి వారం. డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా భూమి కంపించింది గుర్తుందా? ములుగు జిల్లాలో కేంద్రం, తీవ్రత 5.3. మట్టెవాడలో మా ఇంటి అటక మీది గిన్నెలు గలగలలాడాయి. సరిగ్గా మేము పోదామనుకున్న వైపే! దాంతో యాత్ర సంక్రాంతి తరువాతకు వాయిదా పడింది. ఇప్పుడు ఆలోచిస్తే అదీ మంచికే అయింది. ఆ నెలన్నరలోనే మా ఏర్పాట్లు ఒక రూపానికి వచ్చాయి.

చివరకు మా ఆవిడ ఒక షరతు మీద ఒప్పుకున్నది. "పోతే పోండ్రి గని, ఏ పొద్దుకు యాడుంటరో నాకెరుకుండాలె." ఆ ఒక్క మాట మీదనే మా ఏర్పాట్లన్నీ నిలబడ్డాయి.

నిజానికి ఆ మాట నాకు పాతదే. వెనుకటి లైన్ల కాలంలో ఫాల్ట్ వెతకడానికి ఒంటరిగా అడవిలోకి పోయేవాళ్లం. చేతి ఫోను ఒకటి భుజాన వేసుకుని, అనుకున్న సమయానికి అనుకున్న స్తంభం దగ్గర ఆగి, దాన్ని తీగకు తగిలించి టెస్ట్ రూములో కూర్చున్నవారితో మాట్లాడేవాళ్లం. ప్రతి స్తంభానికీ నంబరు ఉండేది. ఫలానా కిలోమీటరు, ఫలానా స్తంభం దగ్గర ఉన్నాను అంటే చాలు, అవతలివారు పుస్తకంలో రాసుకునేవారు. కబురు రావలసిన వేళకు రాకపోతే వెతకడానికి ఏ స్తంభం నుంచి మొదలుపెట్టాలో వారికి తెలుసు. ఇప్పుడు జేబులో ఫోనుంది కాబట్టి ఆ పుస్తకం అక్కర్లేదనుకుంటున్నాం. ఫోను పనిచేయని చోటనే కదా ఆపద వచ్చేది.

కనుక మా ఇంటి ముందుగది టెస్ట్ రూము అయింది. మా ఆవిడకు రెండు వందల పేజీల నోటుబుక్కు కొనిచ్చాను. మొదటి పేజీలో మేము ఏ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ ఊరు ఎన్నింటికి చేరతామో రాశాం. మొదటి రోజు ములుగు, సుమారు 50 కిలోమీటర్లు, రాత్రికి కండక్టర్ సారు వియ్యంకుల ఇల్లు. రెండో రోజు గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం. మూడో రోజు మళ్లీ ములుగు. నాలుగో రోజు ఇల్లు. రోజుకు మూడుసార్లు, ఉదయం బయలుదేరేటప్పుడు, పదకొండు గంటలకు, బస చేరాక కబురు చెప్పాలి. పదకొండు గంటల కబురు పన్నెండు దాకా రాకపోతే ఆమె ఎవరికి ఫోను చేయాలో ఊరి వరుసలో రాసిపెట్టాం. ఆత్మకూరులో ఒకరు, ములుగులో వియ్యంకులు, పస్రాలో నాతో పనిచేసిన మిత్రుడి కొడుకు, తాడ్వాయిలో హెడ్మాస్టరు గారి పాత శిష్యుడు. వారికి ముందే ఫోను చేసి, అయ్యా మేము ఫలానా రోజు మీ ఊరి మీదుగా పోతున్నాం అని చెప్పుకున్నాం. సిగ్గుపడవలసిన పనేం కాదు. అందరూ సంతోషించారు. ఇద్దరు భోజనానికి కూడా పిలిచారు.

రెండో పేజీ మందులది. ఇది మన సిస్టరమ్మ గారి పుణ్యం. ఆమె ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసినవారు, మా అందరినీ పిలిచి కూర్చోబెట్టి ఒక్కొక్కరి మందుల డబ్బా బల్ల మీద కుమ్మరించారు. ఎవరికి ఏ జబ్బు, ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏది పడదు, రక్తం గ్రూపు ఏమిటి, ఇంటి ఫోను నంబరు ఏమిటి, ఇవన్నీ పోస్టుకార్డంత అట్ట మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకోమన్నారు. ఒక ప్రతి నోటుబుక్కులో. హెల్త్ కార్డు జిరాక్స్ కూడా. ట్రెజరీ సారు ఏ మాత్రలు మింగుతున్నారో ఆయన శ్రీమతి గారికే తెలియదని ఆ రోజు తేలింది.

పనిముట్ల సంగతి ఎక్కువ చెప్పను. గాలి పంపు, రెండు ట్యూబులు, సొల్యూషను, ప్యాచీలు, పానాలు, బ్రేకు తీగలు, ముందు వెనుక లైట్లు. వెళ్లే ముందు మనకు తెలిసిన సైకిలు షాపులో బేరింగులు, బ్రేకులు చూపించుకోవాలి. టైరు పాతదైతే మార్చుకోవాలి, దాని దగ్గర పొదుపు పనికిరాదు. పంక్చర్ వేయడం వచ్చినవాడు కనీసం ఇద్దరుండాలి. నాలుగు రోజుల్లో మాకు రెండే పంక్చర్లు అయ్యాయి, రెండూ మనవడి సన్న టైరుకే.

దారి సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనలో చాలామందికి ఈ దారి తెలుసనే ధైర్యం ఉంది. నాకూ ఉండేది. ములుగు రోడ్డు పట్టుకుని ఆరెపల్లి, గూడెప్పాడ్, ఆత్మకూరు, కటాక్షపూర్, మల్లంపల్లి అని కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ మన వరంగల్ జిల్లా ఇప్పుడు ఆ జిల్లా కాదు. 2016లో ముక్కలైంది, 2019లో ములుగు జిల్లా ఏర్పడింది, 2021లో హనుమకొండ, వరంగల్ జిల్లాల సరిహద్దులు, పేర్లు మళ్లీ మారాయి. మట్టెవాడ నుంచి మేడారం పోయేవాడు మూడు జిల్లాల్లో నడుస్తాడు. 108కి ఫోను చేస్తే వారు అడిగే మొదటి ప్రశ్నల్లో జిల్లా, మండలం ఉంటాయి. పాత అలవాటుకొద్దీ వరంగల్ జిల్లా అంటే అంబులెన్సు వెతుకులాటలో పడుతుంది. అందుకే ప్రతి ఊరి పక్కన జిల్లా, మండలం రాసుకున్నాం.

ఊరు దొరకని చోట? అడవిలో ఏ గుర్తు చెప్పాలి? రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు ఉన్నాయి కదా. పైభాగం పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. హైదరాబాదు నుంచి మన ఊరి మీదుగా ములుగు, తాడ్వాయి దాటి పోయేది 163వ నంబరు జాతీయ రహదారి. రాయి మీద ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లని ఉందో చదివి చెప్తే చాలు. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా ఒక పాత కాలువ గట్టు మీద 184.5 మైళ్ల సైకిలు బాట ఉందట, మైలుకొక గుర్తు పాతి ఉంటుందట. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాకా పాత రైలుదారి మీద ఇంకో 150 మైళ్లు. కార్లు రాని బాట. అక్కడ కూడా చాలాచోట్ల ఫోను అందదు, ఆపదలో పడినవాడు చెప్పవలసింది ఆ మైలు అంకెనే అన్నాడు. మన స్తంభం నంబరు కథే, దేశం మారింది.

ఫోను గురించి ఒక మాట. మన కంపెనీ సిగ్నల్ లేకున్నా, వేరే కంపెనీ టవరు అందుతున్న చోట 112కు కాల్ వెళ్లే వీలుంది. అసలే టవరు లేని చోట ఏ నంబరూ పనిచేయదు. మేము చేసిన పొరపాటు ఏమంటే, ఐదుగురిలో నలుగురి ఫోన్లు ఒకే కంపెనీవి. సంఘంలో ఎవరో చవకగా ఉందంటే అందరం దానికే మారాం. బయలుదేరేముందు ఎవరికీ తట్టలేదు.

వానాకాలంలో ఈ దారికి పోవద్దని మొదటే తీర్మానించుకున్నాం. 2023 జూలై ఆఖరు వారం మరవలేం కదా. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు కొండాయిని ముంచింది, ప్రాణాలు పోయాయి. భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు ఊరే నీళ్లలో మునిగింది. అదే వారంలో ముత్యాలధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. వారి దగ్గర నుంచి ఫోను రాబట్టి సంగతి తెలిసింది, జాతీయ విపత్తు దళం వారు రాత్రికి రాత్రి పోయి బయటికి తీసుకువచ్చారు. ఆ 80 మందీ ఉదయం ఇంటి నుంచి సరదాగా బయలుదేరినవారే. మనకు దగ్గర కటాక్షపూర్ దగ్గరే చూడండి, చెరువు మత్తడి పోసి నీళ్లు రోడ్డు మీదుగా పారి ఎన్ని వానాకాలాలు రాకపోకలు ఆగలేదు! పారే నీళ్లలో మోకాలి లోతు కూడా సైకిలును, మనిషిని ఈడ్చుకుపోతుంది. నీళ్లు పారుతుంటే ఆగిపోవడమే, అవతలి ఒడ్డున అత్తగారిల్లున్నా సరే.

ఇక అసలు సంగతికి వస్తాను. హెడ్మాస్టరు గారి అనుమతితోనే చెప్తున్నాను.

మొదటి రెండు రోజులు పెళ్లివారి వలె సాగాయి. తాడ్వాయి నుంచి మేడారం పోయే దారిలో 2024 ఆగస్టు 31న గాలివాన కూల్చిన చెట్లు చూశాం. సుమారు 50 వేల మహావృక్షాలు ఒక్క సాయంత్రంలో నేలకొరిగాయని పేపర్లో చదివాం గానీ, చూస్తే వేరు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ వేళకు ఆ దారిన ఎవరైనా సైకిలు మీద వస్తుంటే అని అందరికీ అనిపించే ఉంటుంది. సాయంత్రం సమ్మక్క సారలమ్మల గద్దెల దర్శనం చేసుకుని, బంగారం, అంటే మన బెల్లమే, సమర్పించుకుని, ప్రసాదం ముక్కలు సంచుల్లో కట్టుకున్నాం.

మూడో రోజు పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. చలి బాగా ఉంది. హెడ్మాస్టరు గారికి పన్నెండేళ్లుగా షుగరు. పొద్దున టిఫిను ముందు ఒక మాత్ర వేసుకోవాలి. వేసుకున్నారు. టిఫిను తాడ్వాయిలో తిందామని నేనే అన్నాను. తాడ్వాయి చేరేసరికి హోటలాయన అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాడు, ముప్పావు గంట పడుతుందన్నాడు. తలా ఒక అరటిపండు తిని పస్రాలో తిందాం పదండి అన్నది కూడా నేనే. పదకొండు గంటల కబురు పస్రా నుంచే చెప్పాలని నా పట్టుదల. అక్కడ సిగ్నల్ బాగుంటుంది. సమయపాలన కోసం మనిషిని పస్తు పెట్టాను.

తాడ్వాయి దాటాక అడవిలో ఎత్తుపల్లాలున్నాయి. నేను, కండక్టర్ సారు, మనవడు ముందు పోయాం. కుర్రవాడితో సమానంగా తొక్కుతున్నానని నాకు లోలోపల గర్వం. హెడ్మాస్టరు గారు, ట్రెజరీ సారు వెనుకబడ్డారు. గ్లూకోజు పొట్లాలు, చక్కెర, షుగరు చూసే మిషను అన్నీ ఉన్న మందుల సంచి నా సైకిలుకే కట్టి ఉంది. రెండు కిలోమీటర్లు ముందు.

వెనుక ఏం జరిగిందో ట్రెజరీ సారు చెప్పగా విన్నది ఇది. హెడ్మాస్టరు గారు ఉన్నట్టుండి చెట్ల వంక చూస్తూ హాజరు పిలవడం మొదలుపెట్టారట. ఆయన హాస్యప్రియుడు కదా, ట్రెజరీ సారు కూడా "ప్రెజెంట్ సార్" అన్నారట. మళ్లీ అదే పేరు, మళ్లీ అదే పేరు. ఆయన కళ్లలోకి చూస్తే తేడా తెలిసింది. అంత చలిలో నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. సైకిలు ఆపమనేలోపే రోడ్డు పక్కకు ఒరిగి పడిపోయారు. కాలర్ బోను విరిగిందని తరువాత తెలిసింది.

ట్రెజరీ సారు ఫోను తీస్తే సిగ్నల్ లేదు. చక్కెర లేదు. రెండు లారీలు చెయ్యెత్తినా ఆగకుండా పోయాయి. అప్పుడు ఆయనకు సంచిలోని బంగారం గుర్తుకొచ్చింది. హెడ్మాస్టరు గారు మాట తడబడుతున్నా కళ్లు తెరిచే ఉన్నారు, మింగగలుగుతున్నారు. బెల్లం చితక్కొట్టి కొంచెం కొంచెం నోట్లో పెట్టి, సీసాలో నీళ్లు తాగించారు. పది పదిహేను నిమిషాలకు "ఎక్కడున్నం?" అన్నారట. ఇంకో ముక్క పెట్టారు. మన కుటుంబ సభ్యులకు ఇక్కడ ఒక మాట మనవి. సిస్టరమ్మ గారు ముందే చెప్పారు, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే తీపి పెట్టాలి. మూడు నాలుగు చెంచాల చక్కెరంత పెట్టి పావుగంట చూసి, తగ్గకపోతే మళ్లీ పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి సాయం పిలవాలి. ట్రెజరీ సారు ఆ మాటలు గుర్తుంచుకున్నారు. కొన్ని దశాబ్దాలు పాసుబుక్కులు చూసిన మనిషి, మరవడం అలవాటు లేదు.

ఇదంతా తెలియని నేను పస్రాలో చాయ్ తాగుతున్నాను. కండక్టర్ సారు "ఇద్దరు తక్కువున్నరు సార్, ఒకసారి వెనుకకు పోయి చూద్దామా" అన్నారు. వస్తారులెండి, ఎత్తు కదా అన్నాను. సరిగ్గా పదకొండయింది. ఇంటికి ఫోను కొట్టి, "పస్రా చేరినం, అందరం క్షేమం" అన్నాను.

మిత్రులారా, ఆ మాట అన్నప్పుడు హెడ్మాస్టరు గారు రోడ్డు పక్క ఎండుటాకుల మీద పడి ఉన్నారు.

మా ఆవిడ "హెడ్మాస్టర్ సార్‌కు ఇయ్యండి, మాట్లాడుత" అన్నది. వెనుక వస్తున్నారు అన్నాను. "ట్రెజరీ సార్‌కియ్యండి." ఆయన కూడా వెనుకే అన్నాను. నాకు చిరాకు వచ్చింది. నేను చెప్తున్నాను కదా రాసుకో అన్నాను. "ఇనని గొంతు నేను రాసుకోను. ముగ్గురని రాస్తున్న" అని ఫోను పెట్టేసింది.

పన్నెండు దాకా ఆగమని మేము రాసిపెట్టిన నియమాన్ని కూడా ఆమె ఆగనీయలేదు. వెంటనే పస్రాలోని మా మిత్రుడి కొడుక్కి ఫోను చేసింది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు ఆ అబ్బాయి మోటారు సైకిలు మీద వచ్చి, "అమ్మ ఫోన్ చేసింది పెదనాయినా, ఇద్దరు రాలేదటగద, ఎక్కండి" అన్నాడు. సంచి పట్టుకుని వెనుక కూర్చున్నాను. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి ఎదురుగా ఒక ఆటో, అందులో వీరిద్దరు. ఆటో అబ్బాయి మొదట జంకాడట, పోలీసు కేసవుతదా సారూ అని. సాయం చేసినవారికి రక్షణ కల్పిస్తూ 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. ట్రెజరీ సారు ఆ సంగతి చెప్పి ఒప్పించారు. ఈ విషయం మనమందరం తెలుసుకుని ఉండాలి, అవసరమైతే అవతలివారికి ధైర్యం చెప్పడానికి.

బెల్లం తిన్న తరువాత కూడా మిషనులో 58 చూపించింది. పస్రా నుంచి 108ని పిలిచాం, ములుగు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాం. డాక్టరమ్మ జేబులోని అట్ట చూసి, మాత్ర పేరు చదివి, వెంటనే సెలైను పెట్టించింది. ఈ రకం మాత్ర ప్రభావం చాలా గంటలుంటుంది, షుగరు లేచినట్టే లేచి మళ్లీ పడిపోతుంది, రేపటి దాకా ఇంటికి పంపను అన్నది. అట్లాగే ఆ రాత్రి ఇంకోసారి పడింది. బెల్లంతో కోలుకున్నారు కదా అని ఏ గదిలోనో పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు.

నేను ఆసుపత్రి వరండాలో నుంచి ఇంటికి ఫోను చేశాను. ఏం చెప్పాలో తోచలేదు. ఆమే అడిగింది, "హెడ్మాస్టర్ సార్ గొంతు ఇనిపియ్యండి." ఆయన మంచం మీది నుంచే, "చెల్లెమ్మా, ప్రెజెంట్" అన్నారు. అప్పుడు రాసుకున్నదట ఐదుగురని. ఆ పేజీ ఇవాళ తెచ్చాను. పదకొండు గంటల గడిలో మూడు అని రాసి, దాని కింద సాయంత్రం నాలుగు పదికి ఐదు అని రాసి ఉంది. సభ అయ్యాక చూడవచ్చు.

తరువాత మేము కొన్ని మార్చుకున్నాం. ఎవరి కబురు వారే తమ గొంతుతో చెప్పాలి, ఒకరి తరఫున ఇంకొకరు క్షేమం చెప్పరాదు. కండక్టర్ సారు పద్ధతి ప్రకారం తలలు లెక్కపెట్టనిదే రైట్ చెప్పరాదు, ఇక నుంచి ఆ అధికారం ఆయనదే. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారు ముందుండాలి, మందుల సంచి అందరికన్నా వెనుకవారి దగ్గర ఉండాలి. తీపి మాత్రం ప్రతి జేబులో. తినకుండా ఒక్క చక్రం తిరగరాదు. రెండు కంపెనీల ఫోన్లు తప్పనిసరి. మాత్రల వేళలు యాత్రకు ముందే డాక్టరుగారితో మాట్లాడుకోవాలి, రోజంతా తొక్కే రోజున మామూలు మోతాదు ఎక్కువైపోవచ్చు. అట్లాగని మనంతట మనమే తగ్గించుకోరాదు. బీపీకి నీళ్లు పోయే మాత్ర వాడేవారు ఎండలో మరీ జాగ్రత్త. మార్చి తరువాత అసలు పోవద్దనే నా సలహా. పాము కరిస్తే కట్లు బిగించడాలు, కోయడాలు వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చగలిగితే అంత. చీకటి పడే గంట ముందే బస చేరాలి.

ఇంతా జరిగాక మళ్లీ పోతారా అని కొందరు అడుగుతున్నారు. మా ఇంట్లో ఆ ప్రశ్న రాలేదు. మా ఆవిడ నోటుబుక్కులో ఇంకా చాలా పేజీలున్నాయి. వచ్చే నెల సంక్రాంతి తరువాత నర్సంపేట మీదుగా పాకాల చెరువుకు పోదామని హెడ్మాస్టరు గారే ప్రతిపాదించారు. పోను ఒక రోజు, రాను ఒక రోజు. ఆయన ముందు తొక్కుతారు. నేను చిట్టచివర, సంచితో.

రాదలచినవారు సంఘం ఆఫీసులో పేర్లు ఇవ్వండి, మందుల చీటీతో సహా. తొక్కలేనివారు చింతించవద్దు. ఆ రెండు రోజులూ పదకొండు గంటలకు ఫోను దగ్గర కూర్చోవడానికి మా ఆవిడకు తోడుగా ఇద్దరు కావాలి. చెవులు బాగా వినబడేవారైతే మంచిది.